ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజే కారులో పెట్రోల్ వాసన: ముందు ఎక్కడ వెతకాలి?

మీరు అడిగింది ఇది. 2018 మోడల్ ఏడు సీట్ల పెట్రోల్ ఎస్‌యూవీ, 74 వేల కిలోమీటర్లు తిరిగింది, ఉండేది ఖమ్మంలో. నెల రోజులుగా ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడల్లా వెనక సీట్లో పిల్లలు "పెట్రోల్ వాసన" అంటున్నారు. ట్యాంకు సగానికి దిగేసరికి వాసన పోతోంది. ముందు కూర్చున్న మీకు పెద్దగా తెలియడం లేదు. షెడ్డులో స్కానర్ పెట్టి తప్పు చూపే కోడ్ ఏమీ లేదన్నారు, ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేసి పంపారు, వాసన మాత్రం అలాగే ఉంది. లీకుంటే స్కానర్‌లో కోడ్ ఎందుకు రాలేదు? ఎండ వల్లా, పెట్రోలులో కలిపే ఇథనాల్ వల్లా ఇలా అవుతుందా? ఏం చూపించుకోవాలి, ఈలోగా బండి నడపొచ్చా?

నేరుగా చెప్తాను. మీ బండిలో మొదట చూడాల్సింది ఇంజిన్ కాదు, వెనక సీటు కింద ట్యాంకు పైభాగం. అక్కడ పెట్రోలుని ఇంజిన్‌కి పంపే పంపు మాడ్యూల్ చుట్టూ ఉండే రబ్బరు ప్యాకింగ్ మీదే నా మొదటి అనుమానం. అది బాగుంటే ఫిల్లర్ మూత దగ్గర్నుంచి ట్యాంకుకి దిగే హోస్ పైపు, దాని పక్కనే ఉండే సన్న గాలి పైపు చూడాలి. ఆ తర్వాత ట్యాంకు ఆవిరిని పట్టే చార్‌కోల్ (బొగ్గు) డబ్బా, అంటే కానిస్టర్. మీరు చేయించిన ఇంజెక్టర్ క్లీనింగుకీ ఈ వాసనకీ సంబంధం లేదు.

నడపొచ్చా అంటే, ట్యాంకు పైభాగం విప్పి చూసేదాకా పిల్లల్ని అందులో ఎక్కించకండి. షెడ్డు దాకా మీరొక్కరే, అద్దాలు దించుకుని, సగం ట్యాంకుతో వెళ్లండి. బండి కింద గానీ సీటు కింద గానీ ఎక్కడైనా తడి కనిపిస్తే మాత్రం సెల్ఫ్ కూడా కొట్టొద్దు. టోయింగ్ బండి పిలిపించండి.

ఇప్పుడు ఇలా ఎందుకంటున్నానో చెప్తాను. విజయవాడ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా మెకానిక్ పనిలో ఉన్నాను. నేను చేరేనాటికి కార్బురేటర్ బండ్లు ఆఖరి రోజుల్లో ఉన్నాయి. ఆ బండ్లలో ఎండకి నిలబెడితే కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరై వాసన రావడం మామూలే. అందుకే పాతతరం వాళ్లు ఇప్పటికీ "పెట్రోల్ బండి అన్నాక ఆ మాత్రం వాసన రాదా" అంటారు. ఇంజెక్షన్ బండికి ఆ మాట వర్తించదు. ట్యాంకు మూత దగ్గర్నుంచి ఇంజెక్టర్ మొన దాకా అంతా మూసి ఉంటుంది. ట్యాంకులో పుట్టిన ఆవిరిని కూడా బయటికి పోనీయకుండా చార్‌కోల్ డబ్బాలో పట్టి, ఇంజిన్ నడిచేటప్పుడు ఆ డబ్బాకీ ఇంజిన్‌కీ మధ్య ఉండే పర్జ్ వాల్వు తెరిచి బండే కాల్చేస్తుంది. కాబట్టి బంకులో పోయించుకున్న ఆ రెండు నిమిషాలు తప్ప మీ బండిలో పెట్రోల్ వాసన రానే కూడదు. వస్తోందంటే మూసి ఉండాల్సింది ఎక్కడో తెరుచుకుంది.

ఎక్కడ తెరుచుకుందో కనిపెట్టడానికి నా మొదటి సాధనం స్కానర్ కాదు, "వాసన ఎప్పుడు వస్తోంది?" అన్న ప్రశ్న. దానికి మీరు ఇచ్చిన జవాబులో సగం రోగం తెలిసిపోయింది.

ఫుల్ ట్యాంకుతో వచ్చి, సగం ట్యాంకుతో పోతోందంటే లీకు ట్యాంకు పైనే ఉంది. నిండా ఉన్నప్పుడు పెట్రోలు పంపు మూత అంచుదాకా వస్తుంది. మలుపు తిరిగినప్పుడూ, స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడూ ఊగి ప్యాకింగ్‌కి తగులుతుంది. ప్యాకింగ్ బాగుంటే ఏమీ కాదు. నలిగినా ఎండి పగిలినా కొంచెం కొంచెం ఊరి మూత చుట్టూ ఉన్న దుమ్ములో ఇంకుతుంది. సగానికి దిగాక ద్రవం అక్కడిదాకా రాదు, ఆవిరి మాత్రం సన్నగా వస్తుంది. దాన్ని ముక్కు పట్టలేదు.

పొద్దున్నే మొదటి సెల్ఫ్‌కి వచ్చి, కాసేపటికి పోతోందంటే బోనెట్ వైపు చూడాలి. ఇంజెక్టర్ ఓ రింగులు (రబ్బరు రింగులు), ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం, అంటే ఫ్యూయల్ రైలు జాయింట్లు, రైలుకి వచ్చే పైపు క్లిప్పు ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు ముడుచుకుని కారుతుంది, ఇంజిన్ వేడెక్కితే ఉబ్బి మూసుకుంటుంది.

వేడి బండి ఆపాక, దిగి పక్కన నిలబడినప్పుడు వస్తోందంటే అప్పుడూ బోనెట్టే. పర్జ్ వాల్వు, దాని రబ్బరు పైపులు, లేదంటే రైలు జాయింటు. ఇంజిన్ ఆగాక కూడా లైన్లో ప్రెషరు అలాగే ఉంటుందని గుర్తుంచుకోండి.

వాసనతోపాటు మిస్సింగ్, నల్ల పొగ, మైలేజీ పడిపోవడం ఉంటే అది లీకు కాకపోవచ్చు. పెట్రోలు సరిగ్గా కాలకుండా సైలెన్సర్లోంచి వస్తోంది. ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్లో పెట్రోల్ వాసన గట్టిగా ఉండి, ఆయిల్ మట్టం పోసినదానికంటే పెరిగి ఉంటే ఇంజెక్టరు కారి సిలిండర్లోకి దిగుతోందన్నమాట. అలాంటి బండిని నడిపితే పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్ష ఒకటి ఉంది, రూపాయి ఖర్చు లేదు. వాసన వస్తున్నప్పుడు ఏసీ ప్యానెల్‌లో లోపలి గాలే తిరిగే బటన్, అంటే రీసర్క్యులేషన్ నొక్కండి. బయటి గాలి అద్దం కింద, బోనెట్ అంచున ఉండే జాలీలోంచి లోపలికి వస్తుంది. బటన్ నొక్కగానే వాసన తగ్గిపోతే లీకు బోనెట్ కింద. నొక్కినా తగ్గకుండా వెనక సీటు దగ్గర ఇంకా చిక్కబడితే లీకు వెనకే. పిల్లలకి తెలిసి మీకు తెలియడం లేదన్న మాట దీనికి సరిగ్గా సరిపోతోంది. చాలా బండ్లలో వెనక సీటు కింద, నేలలో చెయ్యి పట్టేంత రేకు మూత ఒకటి ఉంటుంది. పంపు పని చేయడానికి పెట్టిన దారి అది. దాని చుట్టూ ఉన్న బంక పట్టీ ఊడినా, మునుపు ఎవరో విప్పి నాలుగు స్క్రూల బదులు రెండే పెట్టినా, ట్యాంకు మీద ఆవిరి నేరుగా పిల్లల కాళ్ల దగ్గరికి వస్తుంది.

మీరు సీటు కుషన్ ఎత్తగలిగితే ఎత్తి చూడండి. కొన్ని ఏడు సీట్ల బండ్లలో సీటు బోల్టులతో బిగించి ఉంటుంది, దాన్ని షెడ్డులోనే విప్పించాలి. రేకు మూత మాత్రం మీరు తీయకండి. దాని మీద ముక్కు పెట్టి చూస్తే చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన ముక్కు కొన్ని నిమిషాల్లోనే వాసనకి అలవాటుపడిపోతుంది. అరగంట బండిలో కూర్చుని "ఇప్పుడు రావట్లేదు" అంటే నేను నమ్మను. రాత్రంతా తలుపులు మూసి ఉంచి, పొద్దున్నే స్వచ్ఛమైన గాలిలోంచి వచ్చి, మొదట వెనక సీటు తలుపు తెరిచి వాసన చూడండి. తర్వాత పెట్రోలు మూత దగ్గర, వెనక చక్రం లోపలి వైపు, ఆఖరికి బోనెట్. నాలుగు చోట్లకీ మధ్య ఒక్కో నిమిషం దూరంగా నడిచి రండి.

బండి కింద పాత అట్టపెట్టె పరిచి ఉంచడం కూడా పనికొచ్చే పద్ధతే. ఏసీ నీళ్లు పడితే అట్ట మెత్తబడి నెమ్మదిగా ఆరుతుంది. పెట్రోలు పడితే త్వరగా ఆవిరై, అంచున గుండ్రటి మరక మిగులుతుంది. ట్యాంకు పక్కలు టార్చితో చూడండి. లీకు ఉన్నచోట దుమ్ము తడిసి ఆరిన చార కనిపిస్తుంది. టార్చి ఎల్‌ఈడీదే వాడండి. వైరు లాగి పెట్టే పాత గాజు బల్బు దీపం వద్దు. అది పగిలి, కింద ఉన్న ఆవిరి అంటుకోగలదు.

ఇక నా దగ్గరికి వచ్చిన బండ్ల సంగతి. అచ్చం మీ కథలాంటిది ఒకటి రెండేళ్ల కిందట వచ్చింది. బందరు నుంచి ఒక కుటుంబం, ఏడు సీట్ల బండి. తిరుపతి వెళ్లేముందు ఫుల్ ట్యాంక్ చేయించారు. ఒంగోలు దాటేసరికి మూడో వరుసలో కూర్చున్న ఆవిడకి తలనొప్పి, వాంతులు. ఘాట్ రోడ్డు ఎక్కకముందే ఇలా ఎందుకయిందో వాళ్లకి అర్థం కాలేదు. తిరిగొచ్చాక రెండు చోట్ల చూపించారు. ఒక చోట పెట్రోలు మూత మార్చారు, ఇంకో చోట కానిస్టర్ మార్చారు. కానిస్టర్‌కే చాలా డబ్బు అయింది. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను అడిగింది ఒకటే: "ఈ వాసన మొదలవక ముందు వెనకాల ఎవరైనా ఏదైనా పని చేశారా?" నాలుగు నెలల కిందట పంపు పాడైతే మార్పించారట. సీటు ఎత్తి రేకు తీసి చూస్తే, పంపు మూతని బిగించే లాక్ రింగు పూర్తిగా తిరగలేదు. గుర్తుకీ గుర్తుకీ మధ్య వేలు దూరం ఉంది. పాత ప్యాకింగే తిరిగి వేశారు, అది ఒక పక్క మడతపడి ఉంది. కొత్త ప్యాకింగ్ కొన్ని వందల రూపాయలు. పని గంటన్నర.

పాత ప్యాకింగ్ మళ్లీ ఎందుకు వేయకూడదంటే, పెట్రోలులో నానిన రబ్బరు ఉబ్బుతుంది. బయటికి తీశాక గాడిలో కూర్చోదు. బలవంతంగా కూర్చోబెడితే రింగు తిప్పేటప్పుడు ఎక్కడో ఒక చోట నలుగుతుంది. పంపు మూత తెరిచిన ప్రతిసారీ కొత్త ప్యాకింగ్ వేయాల్సిందే. మీ బండిలో కూడా ఈ మధ్య పంపు గానీ, ఫ్యూయల్ గేజీ ఫ్లోటు గానీ విప్పారేమో గుర్తు తెచ్చుకోండి. విప్పి ఉంటే, నా అనుమానం ఇంకెక్కడికీ పోదు.

రెండోది కానిస్టర్. ఇది మన అలవాటు తెచ్చిపెట్టే జబ్బు. బంకులో నాజిల్ ఠక్కుమని ఆగుతుంది, మీటరు మీద 1,860 ఉంటుంది. "2,000 చేసెయ్" అంటాం. ఆటో కట్ అయ్యిందంటే ట్యాంకు నిండింది. పైన వదిలిన ఖాళీ పెట్రోలు పోయడానికి కాదు, ఎండకి వ్యాకోచించడానికి, ఆవిరి నిలవడానికి. ఆ 140 రూపాయల పెట్రోలు గాలి పైపులోంచి చార్‌కోల్ డబ్బాలోకి పోతుంది. బొగ్గు గుళికలు ఆవిరిని పట్టుకోవడానికే తప్ప ద్రవాన్ని పట్టుకోవడానికి కాదు. తడిసిపోయాక అవి ఆవిరిని ఆపలేవు, డబ్బా గాలి రంధ్రంలోంచి వాసన బయటికి కొడుతుంది. ఇలా పాడైన డబ్బా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది, కొత్తదానికంటే బాగా బరువుంటుంది. గుంటూరు నుంచి మిర్చి వ్యాపారం చేసే ఒకాయన బండి ఇలాగే వచ్చింది. ఆయన ఫిర్యాదు వాసన కాదు, పెట్రోలు పోయించిన వెంటనే సెల్ఫ్ కొడితే బండి ఎత్తుకోవడం లేదని, ఎత్తుకున్నా కాసేపు వణుకుతోందని. పర్జ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది, డబ్బా నిండా పెట్రోలు. రెండూ మార్చాం. మీ బండిలో వాసనతోపాటు ఈ లక్షణం కూడా ఉంటే కానిస్టర్ వైపు మొగ్గండి. ఏమైనా సరే, ఈ రోజు నుంచి నాజిల్ ఒకసారి ఆగాక ఇంకొక్క చుక్క పోయించకండి. లెక్క రౌండుగా కావాలంటే ముందే ఇన్ని రూపాయలకి అని చెప్పి, ట్యాంకు నిండకుండా పోయించుకోండి.

మూడోది ఎలుకలు. వానాకాలం మొదలైతే నా షెడ్డుకి వారానికి ఒకటైనా వస్తుంది. పొలాల పక్క, కొబ్బరి తోటల పక్క, ఖాళీ స్థలాల పక్క పెట్టే బండ్లలో వేడి ఇంజిన్ కింద వెచ్చగా ఉంటుందని చేరి వైర్లు, నైలాన్ పెట్రోలు పైపులు కొరుకుతాయి. అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒక బండిలో రైలుకి వెళ్లే పైపు మీద రెండు పళ్ల గాట్లు. కీ ఆన్ చేయగానే పంపు ప్రెషరుకి సన్నగా చిమ్ముతోంది. దారిలో ఎవరో దాని మీద కరెంటు టేపు నాలుగు చుట్లు చుట్టారు. మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు పెట్రోలు వేడి మ్యానిఫోల్డు (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) పక్కనే కారుతుండగా బండి ఓనరు బోనెట్ తెరిచాడు. ఆ బండి తగలబడకపోవడం ఆ కుటుంబం అదృష్టం. టేపు, ఎంసీల్, సిలికాన్ ఇవేవీ పెట్రోలు ముందు నిలబడవు. లైన్లో మామూలుగా 3 నుంచి 4 కేజీల ప్రెషరు ఉంటుంది. నైలాన్ పైపు కొరికితే మొత్తం పైపు మార్చాలి, మధ్యలో రబ్బరు ముక్క పెట్టి క్లాంపు బిగించడం కాదు. రబ్బరు హోసే ఉన్న చోట ఇంజెక్షన్ ప్రెషరుకి తయారైనదే వేయించండి. దాని మీద ఎస్ఏఈ జె30ఆర్9 అని ముద్ర ఉంటుంది. మీటరు లెక్కన కోసిచ్చే మామూలు నల్ల పైపు చూడ్డానికి ఒకలాగే ఉంటుంది, లోపలి పొర వేరు.

నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక బండి ఇంజెక్టర్లు శుభ్రం చేసి, పాత ఓ రింగులతోనే తిరిగి బిగించాను. అప్పటికి కారడం లేదు కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆ బండి ఓనరు ఫోన్ చేసి, బండిలో పెట్రోల్ వాసన వస్తోందని, పాపని స్కూల్లో దింపి వస్తున్నానని చెప్పాడు. ఎక్కడున్నాడో అక్కడే ఆపమని చెప్పి నేనే వెళ్లాను. రెండో ఇంజెక్టర్ మొదట్లో తడి. ఆ రోజు నుంచి ఇంజెక్టర్ చేత్తో తాకితే చాలు, ఓ రింగులు కొత్తవే. మీకు ఇంజెక్టర్ క్లీనింగ్ చేశారన్నారు కాబట్టి, వెనక వాసన సంగతి తేలాక, వాళ్లు ఓ రింగులు మార్చారో లేదో బోనెట్ కింద కూడా ఒకసారి చూపించుకోండి. మార్చకుండా బిగించి ఉంటే రేపు ముందు వైపు నుంచి ఇంకో వాసన మొదలవుతుంది.

బండి తప్పు అసలే లేని కేసులు కూడా ఉంటాయి. పొలం ఉన్న ఒకాయన తైవాన్ స్ప్రేయరుకి పెట్రోలు క్యాను డిక్కీలో పెట్టుకుని వెళ్లేవాడు. ఒకసారి ఒలికింది, ఆయన గుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. కార్పెట్ కింద మెత్తటి పొర పీల్చుకుని రెండు వారాలు వాసన కొట్టింది. పెళ్లిళ్లకి జనరేటర్ పెట్రోలు తీసుకెళ్లినా ఇదే కథ. మీకు అలాంటిది ఉంటే కార్పెట్ ఎత్తి ఎండలో పరిచి ఆరబెట్టాలి, సెంటు కొడితే లాభం లేదు. మీది మాత్రం ట్యాంకు నిండినప్పుడే వస్తోంది కాబట్టి ఇది కాకపోవచ్చు. వెతికే ముందు డిక్కీ ఒకసారి ఖాళీ చేసి చూసుకోవడంలో నష్టం లేదు.

స్కానర్‌లో కోడ్ ఎందుకు రాలేదని మీ సందేహం. స్కానర్ సెన్సారు చెప్పిందే చెప్తుంది. మన దగ్గర అమ్మిన చాలా బండ్లలో, ముఖ్యంగా మీ బండి నాటి బీఎస్4 (అప్పటి కాలుష్య నిబంధన) కాలంవాటిలో, ట్యాంకు ఆవిరి లీకుని కొలిచే ఏర్పాటే లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ల బండ్లకి అది ఉంటుంది. అక్కడ పెట్రోలు మూత వదులుగా ఉన్నా చెక్ లైటు వెలిగి పి0455, పి0442, పి0456 లాంటి కోడ్‌లు వస్తాయి. అక్కడి వాళ్లు రాసింది చదివి "నాకు లైటు రాలేదు కాబట్టి లీకు లేదు" అనుకోకండి. మీ బండికి పనికొచ్చే పరీక్ష పొగ పరీక్ష. సన్నటి పొగని చాలా తక్కువ ప్రెషరుతో ట్యాంకు ఆవిరి లైన్లలోకి పంపితే, ఎక్కడ లీకుందో అక్కడ పొగ తీగలా లేస్తుంది. పొగ మెషిన్ ఉన్న షెడ్డు దొరికితే అక్కడికే వెళ్లండి. ఈ పరీక్షకి పెట్రోలు పని తెలిసిన మనిషే కావాలి. టైర్లలో గాలి కొట్టే కంప్రెసరు గొట్టం ట్యాంకుకి పెట్టి చూస్తామనే వాళ్లకి బండి ఇవ్వకండి, ట్యాంకు ఉబ్బుతుంది, పైపులు ఊడతాయి.

ఎండ, ఇథనాల్ గురించి కూడా అడిగారు. ఖమ్మం ఎండలకి ట్యాంకులో ఆవిరి ఎక్కువ పుడుతుంది, ఉన్న లీకు ఎండాకాలంలో ఎక్కువ కొడుతుంది, అంతవరకు నిజం. లీకు లేని బండికి మే నెలలో కూడా వాసన రాదు. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025కల్లా దాదాపు అంతటా వచ్చేసింది. దానికి తట్టుకునే రబ్బర్లు, ప్యాకింగులతో బండ్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. మీది 2018. అంతమాత్రాన అన్నీ పాడవుతాయని భయపెట్టను. ఏడెనిమిదేళ్లు నిండిన రబ్బరు ఎలాగూ ఎండుతుంది, ఇథనాల్ కొన్ని రకాల రబ్బరుని ఇంకొంచెం తొందరపెడుతుంది. కాబట్టి ఎలాగూ విప్పుతున్నప్పుడు ప్యాకింగ్, ఫిల్లర్ హోస్ రెండూ కంపెనీవే, కొత్త పార్టు నంబరుతో ఉన్నవే వేయించుకోండి. పార్టు కొనే ముందు మీ ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఏదైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఉచితంగా చేస్తారు.

షెడ్డులో పని ఎలా జరగాలో తెలిసుంటే మీరు పక్కన నిలబడి గమనించుకోవచ్చు. ట్యాంకు సగానికంటే తక్కువ ఉండాలి. పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ నడిపి, దానంతట అదే ఆగిపోయేదాకా ఉంచి లైన్లో ప్రెషరు దించాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయాలి. బండి ఆరుబయట గానీ గాలి ఆడే చోట గానీ ఉండాలి, పక్కన వెల్డింగ్, గ్రైండింగ్ జరగకూడదు. ట్యాంకు మీద దుమ్ము ముందే తుడవాలి, లేకపోతే మూత తీయగానే లోపల పడుతుంది. లాక్ రింగు తిప్పడానికి దానికి తగ్గ పరికరం వాడాలి. స్క్రూడ్రైవరు, సుత్తి పెట్టి కొడితే నిప్పురవ్వ లేవొచ్చు, ప్లాస్టిక్ రింగు అయితే పళ్లు విరుగుతాయి. కొన్ని పెద్ద బండ్లలో ట్యాంకు మీద రెండు మూతలుంటాయి, రెండూ చూడమనండి. మూత పగిలి ఉంటే ప్యాకింగ్ మార్చినా ఆగదు, మాడ్యూల్ మార్చాలి, అది వేలల్లో ఖర్చు. నేరుగా సిలిండర్లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే బోనెట్ కింద పెద్ద ప్రెషరు లైను జోలికి తెలియని వాళ్లని పోనివ్వకండి. అక్కడ 200 బార్ పైన ఉంటుంది, చర్మంలోకి దూసుకుపోతుంది.

బండి బాగయ్యేదాకా ఇంట్లో పాటించాల్సినవి కూడా చెప్తాను, ఇవి మిగతా వాటికంటే ముఖ్యం. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకి పల్లంలో నిలుస్తుంది. గాలిలో ఒకటిన్నర శాతం కూడా లేకుండానే అంటుకోగలదు. అందుకే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ బండి పెట్టకండి. అక్కడ నీళ్ల మోటారు, కరెంటు బోర్డులు అన్నీ కిందే ఉంటాయి, స్విచ్ వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. బయట, నీడలో, నలుగురూ నడవని చోట పెట్టండి. శుక్రవారం బండికి అగరబత్తి, కర్పూర హారతి ఇచ్చే అలవాటు ఉంటే ఈ కొన్ని రోజులూ బొట్టు పెట్టి పువ్వు పెట్టండి, నిప్పు వద్దు. కిలో డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ ఒకటి డ్రైవరు సీటు దగ్గర ఉంచండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు, మంట నీళ్లతో పాటు పారుతుంది.

పిల్లల గురించి ప్రత్యేకంగా అంటున్నాను. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. "కొంచెం వాసనే కదా, అద్దం దించుకోండిరా" అని సర్దిచెప్పే విషయం కాదు. షెడ్డు దాకా అద్దాలు దించుకుని వెళ్లమన్నది మీరొక్కరికి, ఆ ఒక్కసారికే. అద్దాలు దించి నడిపితే కొన్నిసార్లు డిక్కీ వైపు గాలి లోపలికి లాక్కుని వాసన పెరుగుతుంది. మీ పిల్లలు చెప్పినప్పుడు మీరు నమ్మి, ముందు సీట్లో తెలియకపోయినా వెతుకుతున్నారు, అది మంచి పని చేశారు. చాలామంది "మాకు రావట్లేదే" అని వదిలేస్తారు.

రిపేరయ్యాక షెడ్డులో ముక్కు పెట్టి చూసి డబ్బులిచ్చి వచ్చేయకండి. సగం ట్యాంకుతో ఎలాగూ వాసన రాదు, వాళ్లు బాగైందంటారు, మీరూ నమ్ముతారు. నేరుగా బంకుకి వెళ్లి, నాజిల్ ఆగేదాకా ఫుల్ చేయించండి. పదిహేను ఇరవై కిలోమీటర్లు, మలుపులు, స్పీడ్ బ్రేకర్లు ఉన్న దారిలో మీరొక్కరే తిప్పండి. రాత్రి బయట, తలుపులన్నీ మూసి ఉంచండి. పొద్దున్నే వెనక తలుపు మీ పెద్దబ్బాయి చేత తీయించి, "ఏమన్నా వస్తోందా?" అని అడగండి. రాలేదంటే అందర్నీ ఎక్కించుకోండి. వచ్చిందంటే ఫిల్లర్ హోస్, కానిస్టర్ వరసలో చూపించండి. ఈ మధ్య పంపు విప్పారో లేదో, పెట్రోలు పోయించాక సెల్ఫ్ ఎలా అందుకుంటోందో ఇక్కడే రాయండి, తర్వాత ఏది విప్పాలో చెప్తాను.